కదిపితే పోతుంది

జూన్ 3, మంగళవారం

అత్తగారి రేడియో మొరాయించింది. పోయినేడు ఆవిడ చేతిలోంచి జారిపడి స్పీకరు పోయింది. అప్పటినుంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటోంది. నిజం చెప్పాలంటే అది ఈ ఇంటికి పట్టిన అదృష్టం. మధ్యాహ్నం మూడింటికి ఏదో నవల చదువుతారట. ఆవిడ చెవులకు ఆ మెత్తటి దిండ్లు తగిలించుకుని తన గదిలో కూర్చుంటుంది. పక్కన నిలబడినా బయటికి చిన్న చప్పుడు కూడా రాదు. నేను వంటింటి అలమరలు సర్దుకుంటాను. ఇద్దరి మధ్యా మాటా ఉండదు, మాటపట్టింపూ ఉండదు.

ఇవాళ్టితో ఆ సుఖం తీరింది. హెడ్‌ఫోన్ వైరు చివరి పిన్ను రేడియో కన్నంలో వదులైపోయింది. నేను కూడా చెవిలో పెట్టుకుని చూశాను. పిన్నుని ఎడమవైపుకి నొక్కి పట్టుకుంటే మాట వస్తుంది, కాస్త సడలితే గరగర, ఇంకాస్త సడలితే ఏమీ లేదు. నొక్కి పట్టుకుందామంటే ఆవిడ వేళ్లు వణుకుతాయి.

"ఏమే, ఒక్కసారి ఇలా వచ్చి పట్టుకో. మంచి ఘట్టంలో ఉంది."

మంచి ఘట్టమట. ఆ ఘట్టం అయ్యేదాకా నిలబడి పట్టుకున్నాను. అవతల పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొయ్యి కడిగే ఘట్టం మాత్రం నాది.

జూన్ 4, బుధవారం

అగ్గిపుల్లకు దూది చుట్టి కన్నం శుభ్రం చేశాను. అందులోంచి వచ్చిన నూగు చూస్తే ఒక చిన్న దిండు కుట్టొచ్చు. పిన్నుని పొడిగుడ్డతో తుడిచాను. సన్నగా మడిచిన కాగితం పక్కన దూర్చాను. లాభం లేదు. చివరికి రబ్బరు బ్యాండు అడ్డంగా చుట్టాను. కాసేపు పలికింది. ఆవిడ తల తిప్పగానే పోయింది.

"తల తిప్పకండి అత్తయ్యా."

"కథ వింటూ తల తిప్పకుండా ఎవరుంటారే?"

కథ తలతో వినేది కాబోలు. నాకు తెలియదు.

జూన్ 8, ఆదివారం

ఆయన చూస్తానన్నారు. అప్పుడే రేడియో మీద ఆశ వదులుకున్నాను. ఈ ఇంట్లో ఆయన ఒకసారి 'చూసిన' వస్తువుని మళ్లీ మేమెవరమూ చూడలేదు. ఇస్త్రీపెట్టె అలాగే పోయింది. కాలింగ్ బెల్లు ఆయన చూసినప్పటినుంచి వచ్చినవాళ్లు తలుపు బాదుతున్నారు.

"స్క్రూలు ఒక గిన్నెలో వేయండి" అన్నాను.

"స్క్రూలెక్కడికి పోతాయోయ్, కాళ్లున్నాయా?"

ఒకదానికి ఉన్నాయి. ఇంకా దొరకలేదు.

రేడియో వెనక మూత ఊడదీసి, కటింగ్ ప్లేయర్‌తో లోపల ఏదో లాగారు. టప్‌మంది.

"ఏమిటా చప్పుడు?"

"రేకు వంగి ఉంది. సరిగ్గా కూర్చోబెట్టాను."

"కూర్చుంటే టప్‌మంటుందా?"

"నువ్వు కూర్చుంటే అనదూ?"

తన జోకుకి తనే నవ్వుకున్నారు. అత్తగారు హెడ్‌ఫోన్ పెట్టుకుని, చక్రం తిప్పి, కాసేపు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి ముందు ఆయన వంక, తర్వాత నా వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "వస్తోంది. కానీ పట్టుకోవాలి."

"చూశావా!" అన్నారు ఆయన.

చూశాను. పొద్దున్నించీ ఇంత హంగామా చేసి మళ్లీ మొదటికే వచ్చాం. ఆయన మాత్రం పెద్ద ఆపరేషన్ చేసిన డాక్టరులా చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు.

జూన్ 9, సోమవారం

పట్టుకున్నాను. బొటనవేలు తిమ్మిరెక్కింది.

జూన్ 10, మంగళవారం

ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. రోజూ నిలబడడానికి నేనేమన్నా కాపలాదారునా?

ఇంకో బాధ. నేను పిన్ను పట్టుకుని కూర్చుంటే ఆవిడ ఊరుకోదు. విన్నది విన్నట్టు నాకు చెబుతుంది.

"మీరు వినండి అత్తయ్యా. నాకు చెప్పక్కర్లేదు."

"నీ చెయ్యి ఖాళీ లేదు గానీ చెవులు ఖాళీయేగా."

ఇంతకీ కథేమిటంటే, ఒక పాత లాడ్జి. దాని ఓనరు కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. మూడో నంబరు గదిలో ట్యూషన్ మాస్టారు. మంచం కింద ఒక ఇనప్పెట్టె దాచుకుంటాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఇలాంటి కథలు రాసేవాళ్లకి పనీపాటా ఉండదు, వినేవాళ్లకి అసలే ఉండదు. ఉన్నదల్లా పట్టుకునేవాళ్లకే.

ఇంకో సంగతి. మామూలుగా వంటింట్లోంచి గొంతు చించుకున్నా ఆవిడ పలకదు. ఇవాళ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండగా నేను "ఇదో గోల" అని గొణిగితే, "ఏం గోల?" అని టక్కున అడిగింది. చెవుడు కూడా ఆవిడ చెప్పుచేతల్లోనే ఉంటుంది.

జూన్ 13, శుక్రవారం

ఆ లాడ్జిలో ఒక వంటావిడ ఉందట. ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి, ఏ రోజు తెచ్చిందో రాస్తుందట. ఓనరు ఒకరోజు అడక్కుండా బిస్కట్లు తీసుకుంటే, సాయంత్రానికల్లా అందరి ముందూ కడిగేసిందట. ఆవిడ గరిటె చప్పుడు వింటే చాలు, లాడ్జిలో మగవాళ్లందరూ చొక్కా గుండీలు సరిచూసుకుంటారట.

"నోరు మంచిది కాదు పాపం" అంది అత్తగారు.

"నోట్లో తప్పేముంది? అడక్కుండా ఎందుకు తీసుకోవాలి?"

"అదే అంటున్నా. మనిషి మంచిదే. నోరే."

రాసినవాడెవడో గానీ వంటిల్లు చూసినవాడే. మిగతా కథంతా చెత్త. ఈ వంటావిడ ఒక్కతే సరిగ్గా ఉంది.

జూన్ 16, సోమవారం

రేడియో తీసుకుని రిపేరు షాపుకి వెళ్లాను. షాపంటే ఒక బల్ల, దాని వెనక ఒక పొట్ట. ఆ పొట్ట మీద ఫోను పెట్టుకుని ఏదో చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఇంకా ఇది వాడుతున్నారా అండీ? గ్లాసు పెట్టెలో పెట్టి దండ వేయాల్సిన వస్తువు."

"దండ తర్వాత వేద్దాం. హెడ్‌ఫోన్ కన్నం వదులైంది. బాగవుతుందా?"

"అవుతుంది. వదిలేసి వెళ్లండి, చూద్దాం."

"ఎప్పుడిస్తారు?"

"చూద్దాం అన్నానుగా."

ఆ పక్కన 'చూద్దాం' వస్తువులు గుట్టగా పడి ఉన్నాయి. వాటి మీద దుమ్ము చూసి రేడియో మళ్లీ సంచిలో వేసుకుని వచ్చేశాను. నేను వచ్చేసరికి అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రేడియో చేతికిస్తే, రెండు వైపులా తిప్పి చూసుకుని, "ఏం చెయ్యలేదుగా వాడు?" అంది. రిపేరుకి తీసుకెళ్తే ఏమీ చెయ్యలేదని సంతోషించిన మనిషిని ఇవాళే చూడడం.

రాత్రి భోజనాల దగ్గర నా కడుపుమంట ఆయన ముందు వెళ్లగక్కాను. రోజూ మధ్యాహ్నం నా పనులన్నీ మానుకుని వైరు పట్టుకుని కూర్చోవాలా? నాకంటూ ఒక గంట ఉండక్కర్లేదా? ఆయన ఊఁ, ఊఁ అన్నారు. వింటున్నారో నములుతున్నారో తెలియదు.

జూన్ 18, బుధవారం

సరిగ్గా మూడింటికి పైవాటా ఆవిడ తలుపు బాదింది, కత్తెర కావాలని. ఈ వేళప్పుడు రావద్దని చెప్పి తలుపేశాను. వేళాపాళా లేని జనం.

జూన్ 19, గురువారం

మాస్టారి ఇనప్పెట్టెలో ఏముందో తేలింది. బొమ్మ రైలు. అంత వయసొచ్చి, బొమ్మ రైలు! వంటావిడ చూసింది. ఎవరికీ చెప్పలేదట. ఎందుకు చెప్పలేదో అత్తగారికీ తెలియదట. నాకు మాత్రం తెలుసు. మనకెందుకని. తెలివైన ఆడది.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నుంచీ ఆయనా, ఆయన చెల్లెలూ ఫోనులో. మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. వచ్చే ఆదివారం ఆడపడుచు వచ్చి అత్తగారిని తనింటికి తీసుకెళ్తుందట. ఇక అక్కడే. వాళ్లింట్లో వైరు లేని హెడ్‌ఫోన్ ఉందట. ఎవరూ ఏమీ పట్టుకోనక్కర్లేదట.

"ఇప్పుడు ఆవిడని పంపాల్సినంత అవసరం ఏమొచ్చింది?" అన్నాను.

"నువ్వే కదా అన్నావు, నీకంటూ ఒక గంట లేదని!"

"నేనెప్పుడన్నాను?"

ఈ డైరీ పేజీలు వెనక్కి తిప్పి చూశాను. అన్నాను. పదహారో తారీఖున.

సరే. మంచిదే. ఇన్నాళ్లకి ఒక్కమాట ఆయన చెవికెక్కింది, అదీ ఇలా ఎక్కింది. నాకేం? ఆ గది ఖాళీ అయితే కుట్టుమిషను అక్కడ వేసుకోవచ్చు. టేపుతో కొలిచాను. కిటికీ కింద సరిగ్గా పడుతుంది. వెలుతురు కూడా బాగుంటుంది. కొలుస్తుంటే ఆవిడ మంచం మీదనుంచి చూస్తోంది.

"ఏం కొలుస్తున్నావే?"

"కిటికీ. తెర కుడదామని."

జూన్ 23, సోమవారం

ఆయన ఆఫీసుకి వెళ్లేముందు వాళ్లమ్మకి సంగతి చెప్పారు. చెప్పులు వేసుకుంటూ చెప్పారు, ఎంత పెద్ద విషయమైనా ఆయన చెప్పేది అప్పుడే. ఆవిడ "సరే" అంది. అంతే. నేనే ఏదో ఊహించుకున్నాను. ఏడుపులూ అవీ ఉంటాయని టీ కూడా రెండోసారి పెట్టలేదు.

మధ్యాహ్నం కథలో ఒక కొత్త మనిషి వచ్చింది. లాడ్జి మూల గదిలో ఒక ముసలావిడ. ఎప్పటినుంచో అక్కడే ఉంటోందట.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని అడిగాను.

"ఇన్నాళ్లూ ఆవిడ గది తలుపు వేసే ఉందిగా" అంది అత్తగారు.

కథ మధ్యలో కొత్తవాళ్లని తెచ్చి దూర్చడం! రాసేవాడికి సరుకైపోయింది.

జూన్ 24, మంగళవారం

కుట్టుమిషను తుడిచాను. నూనె వేశాను.

జూన్ 25, బుధవారం

ఓనరు మూల గది ముసలావిడని ఖాళీ చెయ్యమన్నాడట. ఆ గదిలో సామాన్లు పెట్టుకోవాలట. నోటితో చెప్పే ధైర్యం లేక, ఆవిడ పొద్దున టీ పళ్లెంలో కాగితం పెట్టి పంపాడట. ఆ పళ్లెం తీసుకెళ్లింది వంటావిడే.

"కాగితం చదివిందా?"

"ఎవరు?"

"వంటావిడ."

"చదవకుండా ఉంటుందా? లాడ్జిలో ఆవిడకి తెలియకుండా ఈగ కూడా వాలదు."

"మరి ఏమంది?"

అత్తగారు హెడ్‌ఫోన్ మీద చెయ్యి పెట్టి శ్రద్ధగా విన్నది. "ఇంకా ఏమీ అనలేదు. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. అక్కడితో ఆపాడు. రేపు."

రేపట. వాడి మొహం. వంటావిడ అనదలుచుకుంటే అప్పుడే అనేసి ఉండేది. అలా గుమ్మంలో నిలబడే రకం కాదు ఆవిడ. రచయితకి తన మనుషులే అర్థం కాలేదు.

సాయంత్రమంతా చిరాగ్గా ఉంది. వంట కూడా సరిగ్గా కుదరలేదు.

జూన్ 26, గురువారం

ఇది వరసగా రాసుకోవాలి. లేకపోతే నాకే నమ్మకం కలగదు.

పొద్దున గోడ గడియారం ఆగింది. వంటింటి కాటా కూడా నిన్నటినుంచి అంకె చూపించడం లేదు. ఇంట్లో కొత్త సెల్లులు అయిపోయాయి. అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ రేడియోలోంచి రెండు సెల్లులూ తీశాను. ఒకటి గడియారంలో, ఒకటి కాటాలో. మధ్యాహ్నం లోపల కొత్తవి తెచ్చి రేడియోలో వెయ్యాలనుకున్నాను. మర్చిపోయాను. పనిలో పడితే ఎవరైనా మర్చిపోతారు.

మూడింటికి ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. చక్రం తిప్పింది, టిక్‌మంది. నేను కుర్చీలో కూర్చుని పిన్ను ఎడమవైపుకి నొక్కి పట్టుకున్నాను. కథ మొదలైంది. మూల గది ముసలావిడ పెట్టె సర్దుకుంటోందట. చీరలు మడతపెడుతూ ఒక్కొక్కటీ మళ్లీ విప్పుతోందట. వంటావిడ మెట్ల మీదికి వచ్చిందట, మళ్లీ దిగిపోయిందట. "ఎందుకు దిగింది?" అని గట్టిగానే అడిగాను. "పొయ్యి మీద పాలున్నాయిగా" అంది అత్తగారు.

సాయంత్రం బజారునుంచి సెల్లులు తెచ్చి, వెయ్యడానికి రేడియో మూత తీశాను.

ఖాళీ.

పొద్దున తీసినవాటి బదులు వేరేవి వెయ్యనేలేదు.

జూన్ 27, శుక్రవారం

కొత్త సెల్లులు వెయ్యలేదు. కావాలనే. పొరపాటు నాదేనేమో, సరిచూసుకోవాలి కదా.

మూడింటికి కూర్చున్నాం. ఆవిడ చక్రం తిప్పింది.

"ఇవాళ బాగా వినిపిస్తోందా అత్తయ్యా?"

"గణగణా వినిపిస్తోంది."

"గరగర ఏమన్నా ఉందా?"

"నువ్వు కదపకపోతే ఏం లేదు. ఇంకాస్త ఎడమకి. ఆఁ, అలా."

ఇంకాస్త ఎడమకి! ఖాళీ డబ్బాలో గుచ్చిన వైరుని ఇంకాస్త ఎడమకి పట్టుకున్నాను నేను. నాలాంటి మనిషి! బియ్యం బస్తా విప్పకుండానే తరుగు చెప్పగలదాన్ని, షాపువాళ్లు నన్ను చూసి కాటా సరిచేసుకుంటారు. అలాంటిది, ఎన్నాళ్లనుంచో ఆవిడ కళ్లు మూసుకుని నోటికొచ్చింది చెబుతుంటే, ఊపిరి బిగబట్టి మరీ పట్టుకుని కూర్చున్నాను. ఆ వేళకి వంట ముందే ముగించుకున్నాను. పైవాటా ఆవిడ మొహం మీద తలుపు కూడా వేశాను.

చేతిలో ఉన్న పిన్ను అక్కడే విసిరికొట్టాలనిపించింది.

కానీ అప్పుడే ముసలావిడ పెట్టె మూత వేసింది.

"వేసిందా?"

"వేసింది. తాళం మాత్రం పడటం లేదు. పాతది కదా."

"మరి వంటావిడ?"

ఆవిడ కళ్లు తెరవలేదు. హెడ్‌ఫోన్ కింద తెల్లవెంట్రుకలు నలిగి ఉన్నాయి. "తెలియటం లేదే" అంది. "ఎంత విన్నా తెలియటం లేదు."

నేను పిన్ను వదల్లేదు.

జూన్ 28, శనివారం

పొద్దున్నే షాపుకి వెళ్లాను. "వదిలేసి వెళ్లను, ఇక్కడే కూర్చుంటాను" అన్నాను. కూర్చున్నాను కూడా. నేనలా కూర్చుంటే బేరాలు రావని అర్థమై, ఆ పొట్ట కదిలింది.

మూత తీసి చూసి నవ్వాడు. "లోపల రేకు మొత్తం విరిచేశారు కదండీ! ఎవరు చేశారిది?"

"మావారు."

"బాగానే చేశారు. ఇక దీన్ని ఎటు పట్టుకున్నా పలకదు."

అంటే ఆ టప్‌మన్నప్పటినుంచి. ఆ ఆదివారంనుంచి. వినపడటం లేదని ఆవిడ ఒక్కమాటంటే, అమ్మయ్య అని ఆ హెడ్‌ఫోన్ పక్కన పడేసి ఎవరి గదిలో వాళ్లం ఉండేవాళ్లం. ఆవిడ అనలేదు. పట్టుకోవాలి అంది.

పాడైపోయిన వేరే రేడియోలోంచి కన్నం ఊడదీసి ఇందులో అతికించాడు. కొత్త సెల్లులు వేసి హెడ్‌ఫోన్ నాకిచ్చాడు. పిన్ను గట్టిగా కూర్చుంది. వైరు ఊపి చూశాను, లాగి చూశాను. మాట ఎక్కడా తెగలేదు.

"మధ్యాహ్నం మూడింటికి నవల ఒకటి వస్తుందట కదా?" అని అడిగాను.

"అదా? అది ఎప్పుడో అయిపోయిందండీ. మా ఆవిడ ఏడుస్తూ వినేది. ఇప్పుడు ఆ టైముకి ఎవరో డాక్టరు పళ్ల గురించి చెబుతున్నాడు."

"అందులో లాడ్జి ఉండేదా? వంటావిడ?"

"లాడ్జీ లేదు, ఏం లేదండీ. అన్నదమ్ముల ఆస్తి తగాదా."

దారిలో లెక్క వేసుకున్నాను. రేడియో బాగైందని చెబితే, ఆవిడని పంపాల్సిన కారణమే లేదు. ఆవిడ తన గదిలో పళ్ల డాక్టరుని వింటుంది. నేను అలమరలు సర్దుకుంటాను. బాగవలేదని చెబితే, ఆవిడ వెళ్తుంది. నేను కిటికీ కింద మిషను వేసుకుంటాను. రెండిట్లోనూ నా మధ్యాహ్నం నాకే మిగులుతుంది. నేను అడిగింది అదే.

రేడియో సంచిలోనే ఉంచాను. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కథ లేదు. ఆవిడ బట్టలు సర్దుకుంటోంది. చీర మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. నేను మెట్లేమీ ఎక్కలేదు, గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

జూన్ 29, ఆదివారం

ఆడపడుచు కారులో దిగింది. వస్తూనే వైరు లేని హెడ్‌ఫోన్ తీసి వాళ్లమ్మ నెత్తిన పెట్టింది, దుకాణంలో బొమ్మకి టోపీ పెట్టినట్టు.

"ఎలా ఉందమ్మా? ఎవరి దయా అక్కర్లేదు ఇక!"

"నొక్కుతోందే" అంది అత్తగారు.

"అలవాటైతే నొక్కదు. వదినా, ఇక నీకు విశ్రాంతి. అన్నయ్య అంతా చెప్పాడు. రోజూ చేతులు పడిపోయేలా పట్టుకుంటున్నావట."

ఆయన నా వంక గొప్పగా చూశారు, వరమిచ్చిన దేవుడిలా. నెత్తిమీద కళ్లజోడు. చేత్తో జేబులు తడుముకుంటున్నారు, దానికోసమే.

నేను లోపలికి వెళ్లి సంచి తెచ్చి రేడియో బల్ల మీద పెట్టాను.

"బాగైంది. నిన్ననే చేయించాను. ఎవరూ పట్టుకోనక్కర్లేదు."

అందరూ రేడియో వంక చూశారు. నేను అత్తగారి వంక చూశాను. ఆ టోపీ కింద ఆవిడ మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"బాగైందా?" అంది. "మొత్తం?"

"మొత్తం."

ఆడపడుచు ఊరుకునే రకమా? "బాగైతే మంచిదే. అయినా తీసుకెళ్తా వదినా. గది సిద్ధం చేశాను. నువ్వు మాత్రం ఎన్నాళ్లని చేస్తావు?"

"ఇప్పుడు కుదరదమ్మాయ్" అన్నాను.

"ఎందుకు కుదరదు?"

"కథ సగంలో ఉంది."

ఆయన నవ్వారు. ఆడపడుచు కూడా నవ్వింది. "మా ఇంట్లో రేడియో లేదా వదినా? అక్కడ వింటుంది. ఎక్కడైనా అదే కథ కదా?"

"మీ ఇంట్లో ఆ కథ రాదు" అన్నాను.

నవ్వు ఆగింది. నాకు అంత గట్టిగా అనాలని లేదు. నా గొంతే అలాంటిది. అత్తగారు రెండు చేతులతో ఆ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నా వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడకి తెలిసిపోయింది, నాకు తెలుసని.

"అవునే" అంది కూతురితో. "మీ ఇంట్లో రాదు. నేను చూశాను పోయిన వేసవిలో. సిగ్నలు లేదు."

ఆడపడుచు వాళ్లన్నయ్య వంక చూసింది. వాళ్లన్నయ్య పైకప్పు వంక చూశారు. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. భోజనం పెట్టాను. కారు ఎలా వచ్చిందో అలాగే ఖాళీగా వెళ్లింది. ఆడపడుచు ఆ టోపీ మాత్రం మర్చిపోయింది. దాన్ని ఒక డబ్బాలో పెట్టి, తారీఖు వేసి, పైఅరలో పెట్టాను. అత్తగారి పెట్టె తీసి మంచం కిందికి తోశాను. కుట్టుమిషను ఎక్కడిదక్కడే ఉంది. అక్కడ కూడా వెలుతురు వస్తుంది.

మూడింటికి కుర్చీ వేసుకున్నాను. రేడియోలో సెల్లులు లేవు. షాపతను వేసినవి రెండూ పొద్దున్నే తీసి పైఅరలో దాచాను. అత్తగారు పాత హెడ్‌ఫోన్ పెట్టుకుంది. పిన్ను కన్నంలో గట్టిగా కూర్చుంది. నేను దాన్ని గోరంత బయటికి లాగి, ఎడమవైపుకి వంచి పట్టుకున్నాను. ఆవిడ చూసింది. చక్రం తిప్పింది.

"మొదలైందా?"

"ఉండు, మొదలవనీ." కళ్లు మూసుకుంది. "ఆఁ. వంటావిడ మెట్లెక్కింది. ఓనరు గది తలుపు తోసింది. ఆ ముసలావిడ వెళ్తే నేనూ ఈ లాడ్జిలో ఉండనని చెప్పేసింది."

"అలా అని ఉండదు."

"అందే! నా చెవులతో విన్నాను."

"వంటావిడ అంత మాట అనదు. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆ మూల గదిలో ఎలకలున్నాయి, సామాన్లు పెడితే కొరికేస్తాయని ఏదో చెప్పి ఉంటుంది. సరిగ్గా వినండి."

ఆవిడ కాసేపు విన్నది. పెదవులు అదురుతున్నాయి, నవ్వాపుకుంటోంది.

"అవునే, ఎలకలనే అంటోంది" అంది. "చెయ్యి సరిగ్గా పెట్టు. కదిపితే పోతుంది."